బురద ముందు, నీళ్ళు తర్వాత

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో సైదాబీని ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు అందరితోపాటు ఆమెనూ పిలుస్తారు. కానీ ప్రత్యేకంగా మనిషిని పంపి, ఉన్నపళంగా రమ్మన్నారంటే మాత్రం ఆ ఇంట్లో ఒక ఆడమనిషి కన్నుమూసిందని అర్థం. ఆ చుట్టుపక్కల పోయిన ముస్లిం ఆడవాళ్ళకు ఇరవైఎనిమిదేళ్ళుగా ఆఖరి స్నానం చేయించేది ఆమే. అది ఆమె బతుకుదెరువు కాదు. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. బతుకుదెరువుకు మొదట్లో పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది, ఇప్పుడు ఇంట్లో కుట్టుమిషన్ మీద లంగాలు కుడుతుంది. భర్త నాగూర్ వలి పలకలు కోసే మిషను దగ్గర పనిచేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. కూతురు ముబాషిరా ఒంగోలులో మందుల షాపులో చేస్తుంది.

ఆ పని ఆమెకు నేర్పింది భర్త తరఫు పెద్దత్త చాంద్‌బీ. అది కరువు కాలం. వీధికి ట్యాంకరు ఎనిమిదిరోజులకోసారి వచ్చేది. శవం ఇంట్లో ఉంటే నీళ్ళకోసం పక్కింటి వాకిళ్ళు తట్టాల్సి వచ్చేది. "నీళ్ళు పొయ్యడం కడగడం కాదు పిల్లా, ఏడ పొయ్యకూడదో తెలియడమే కడగడం" అనేది చాంద్‌బీ. తడిగుడ్డతో ఎంత తుడవొచ్చు, రేగాకు వేసి కాచిన నీళ్ళు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి జారనివ్వాలి, కర్పూరం కలిపిన ఆఖరి చెంబు ఎట్లా మిగుల్చుకోవాలి, అన్నీ చేయిపట్టి చూపించింది. మూడు బిందెల నీళ్ళతో ఒక మనిషిని గౌరవంగా సాగనంపగలదని సైదాబీకి పేరొచ్చింది.

చాలా యేళ్ళ తర్వాత, ఒక యేడు అక్టోబరు ఆఖర్లో తుఫాను వచ్చింది. మామూలుగా తుఫాన్లు ఒంగోలుకో చీరాలకో వస్తాయి. వాటి తోక తగిలి ఇటు నాలుగు చినుకులు పడితే కందికి మంచిదేలే అనుకుంటారు పడమటివాళ్ళు. ఈసారి అట్లా కాలేదు. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎండిన చెరువులు నిండాయి, నిండినవి పొర్లాయి. బేస్తవారిపేట దాటి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి పోతే మడుగుపల్లె అని అరవై ఇళ్ళ ఊరు. మంగళవారం తెల్లారేటప్పటికి ఆ ఊరి వాగు గట్టు దాటి కింది వీధిలో ఇరవైమూడు ఇళ్ళలోకి వచ్చింది. జనం ఎగువనున్న బడిలోకి పరుగెత్తారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మర్నాటికి వాగు తన దారిన తను పోయింది. మోకాటిలోతు బురద మాత్రం ఇళ్ళలో వదిలిపోయింది.

శుక్రవారం పొద్దున మసీదు దగ్గర కుర్రవాళ్ళు పలావు పొట్లాలు కట్టి, నౌషాద్ ట్రాలీ ఆటోలో వేస్తున్నారు. నౌషాద్ ఆ వీధివాడే, ముప్పయ్యేళ్ళవాడు. సైదాబీని ఖాలా అంటాడు, పిన్నమ్మ వరస. ఆమె మట్టి ఎత్తే గమేళాలు రెండు, చీపుర్లు, పాతచీరల మూట, సున్నం బస్తా ఒకటి తెచ్చి ఆటో పక్కన దించింది.

"ఇవేంది ఖాలా? మనం అన్నం ఇచ్చేదానికి పోతాండాం."

"మీరు అన్నం ఇయ్యండి. నేను ఇండ్లు కడుగుతా."

"నీ మోకాళ్ళకి మన వీధి మిట్ట ఎక్కేదే కష్టం. ఆడ బురదలో ఏం చేస్తావు?"

"మోకాళ్ళు ఆడికొచ్చినాక చూసుకుంటాం. పోయేదారిలో ఫ్యాక్టరీ కాడ ఆపు, పగిలిన పలకలు ఒక బస్తా వేసుకుందాం. బురద గీకేదానికి దానిమించింది లేదు."

నౌషాద్ నవ్వాడు కానీ ఆపాడు.

మడుగుపల్లెలో పొట్లాలు పంచడం అరగంటలో అయిపోయింది. కుర్రవాళ్ళు బురదలో నిలబడి ఫోటోలు దిగారు. తిరిగి ఆటో ఎక్కేటప్పుడు చూస్తే సైదాబీ లేదు. కింది వీధి మొదటి ఇంట్లో చీర ఎగ్గట్టి, పలకముక్కతో గుమ్మం గీకుతూ కనబడింది.

"పొట్లం చేతిలో పెట్టి, దాన్ని తినేదానికి కూర్చునే జాగా లేకుండా వదిలేసి పోతామా నౌషాద్? నువ్వు పో. సోమవారం రా. వచ్చేటప్పుడు బ్లీచింగ్ పౌడరు, ఇంకో నాలుగు గమేళాలు తీసుకురా."

ఆ ఊళ్ళో పెద్దమనిషి కరుణాకరం, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన గొడుగు పట్టుకుని వచ్చి, "బీబమ్మా, నీకెందుకు ఈ శ్రమ? రేపో ఎల్లుండో జేసీబీ వస్తాదంట. సార్లు చెప్పినారు" అన్నాడు.

"రానియ్యన్నా. వీధి ఎత్తుతాది. ఇంట్లోకి జేసీబీ రాదు కదా. ఈ బురద ఇంకో రెండెండలు తగిలితే రాయైతాది. తడిగా ఉండంగానే తియ్యాల."

ఆ మాట విన్న ఆడవాళ్ళు ముగ్గురు బిందెలెత్తుకుని నీళ్ళకోసం కదిలారు. సైదాబీ వాళ్ళను ఆపింది. ఊళ్ళో కరెంటు లేదు, బోరు ఆడటంలేదు. కల్వర్టు సగం కొట్టుకుపోయి ఆటో పట్టే దారే మిగిలింది కాబట్టి ట్యాంకరు రాదు. తాగడానికి పనికొచ్చే నీళ్ళున్నది ఎగువబావి ఒక్కదానిలోనే. అప్పటికే అక్కడ బిందెల దగ్గర తగాదాలు మొదలయ్యాయి. ఊరినిండా నీళ్ళొచ్చి పోయాక చేయి కడుక్కునేందుకు నీళ్ళు లేవు.

"ఇప్పుడు నీళ్ళు పోస్తే బురద పల్చనై గోడల్లోకి ఇంకుతాది. నీళ్ళూ పాయె, గోడా పాయె. బురద ముందు, నీళ్ళు తర్వాత. గీకండి, ఎత్తండి, పొయ్యిలో బూడిద ఉంటే చల్లండి, మళ్ళీ గీకండి. నేల కనబడినాక ఇంటికి రెండు బిందెలు చాలు. పైనుంచి కిందికి, లోపలినుంచి బయటికి. ఎట్లనో నేను చూపిస్తా."

చూపించింది కూడా. తడిపి పిండిన పాతచీరతో గోడను పైనుంచి ఒక్క తుడుపు, మడత మార్చి ఇంకో తుడుపు. చెంబుడు నీళ్ళు గోడ నెత్తిన సన్నగా వదిలితే అవి దిగుతున్న దారినే చీపురు దిగేది. ఒక్క చుక్క ఎటూ చిమ్మేది కాదు. సాయంత్రానికి రెండిళ్ళలో నేల కనబడింది. చూస్తూ నిలబడ్డవాళ్ళలో సగంమంది దొరికిన తట్టలు పట్టుకున్నారు. ఆమె బడిలోనే పడుకుంది, అందరితోపాటు.

శనివారం ఆమె వీధి మధ్యకు వచ్చేటప్పటికి వాసన తగిలింది. తలుపేసిన ఇల్లు. గుమ్మంలో అరవయ్యేళ్ళ ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది. పక్కింటి అరుగు మీద ఆమె భర్త మస్తానయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె పేరు కృష్ణమ్మ. వాళ్ళు గొర్రెలవాళ్ళు. మంద మస్తానయ్యతో గుట్టమీద ఉండి బతికింది. చూడిగొర్రెలు తొమ్మిది మాత్రం ఇంట్లో ఉన్నాయి. వానకు తడవకూడదని కృష్ణమ్మే వాటిని లోపలికి తోలింది. జనం కేకలేసి పరుగెత్తినప్పుడు, అవి బెదిరి వాగుకు ఎదురుపోతాయేమోనని బయట గడియపెట్టి పోయింది.

"పశువుల డాక్టరు కిటికీలోంచి చూసి రాసుకుని, గుంతతీసి పూడ్చండని చెప్పి పోయినాడు. నాలుగు దినాలాయె. తలుపు తియ్యనీదు" అని కరుణాకరం గొంతు తగ్గించి చెప్పాడు. "బలవంతంగా తీద్దామంటే మీదపడి రక్కుతాది. రోగాలొస్తాయని ఊరంతా భయపడతాండాది."

సైదాబీ వెళ్ళి గుమ్మంలో ఆమె పక్కన కూర్చుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అట్లాంటి వాసన పక్కన కూర్చోవడం ఆమెకు కొత్త కాదు.

"లోపల ఎవరుండారక్కా?" అంది సైదాబీ.

ఏముంది అని అడక్కుండా ఎవరున్నారని అడిగినందుకేమో, కృష్ణమ్మ తల తిప్పి చూసింది.

"తొమ్మిదిమంది" అంది. "గడియ పెట్టింది నేనే. ఈ చేత్తోనే. పెట్టకపోతే ఒకటో రెండో మిట్టకెక్కి బతికేవి. అవి అరిచింటాయి మ్మే. నేను బడికాడ వాన సప్పుట్లో వినలేదు."

సైదాబీ ఆమె వైపు తిరిగింది.

"అక్కా, నేను మార్కాపురంలో పీనుగులకి తానం చేయిస్తా. ఆడోళ్ళకి. ఎంతమందికి చేయించినానో లెక్కలేదు. పోయిన ప్రతి ఇంట్లో ఒకరు నీ మాటే అంటారు. ఆ పూట నేను అట్ల చేసుండకపోతే, ఇట్ల చేసుంటే, అని. నేను జవాబు చెప్పను. నాకు జవాబు తెలీదు. మా ఆయన దగ్గి దగ్గి పోయినప్పుడు నేనూ అదే అనుకున్నా, ఆ మిషను మానిపించింటే అని. దానికీ జవాబు దొరకలేదు. నాకు తెలిసింది ఒకటే. పోయినోళ్ళని కాచుకోబెట్టకూడదు."

కృష్ణమ్మ తలుపు వైపు చూసింది.

"ఎవురో వచ్చి కాళ్ళు పట్టి ఈడ్చుకపోతారు. వీధిలో కుక్కల్ని ఈడ్చినట్టు."

"ఈడ్వనియ్యను. చీరలు తెచ్చినా. చుట్టి మోద్దాం. నువ్వు తలకాడ పట్టు, నేను కాళ్ళకాడ పడతా. కానీ గడియ నువ్వే తియ్యాల. నేను తియ్యను."

సైదాబీ లేచి వెళ్ళి మస్తానయ్యతో మాట్లాడింది. ఊరికి ఎగువన, వాగు అందని చోట, బావికి దూరంగా గుంత తియ్యమంది. మనిషి లోతు ఉండాలంది. చేతిలో పని పెట్టాక ఆయన అరుగు దిగాడు. ఆయన పార తీసుకుంటే ఇంకో ఐదుగురు వెనకే పోయారు. మధ్యాహ్నానికి గుంత సిద్ధమైంది. అప్పటిదాకా కృష్ణమ్మ గుమ్మంలోనే ఉంది. మస్తానయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ఆయన ముఖం చూసి, లేచి, గడియ తీసింది.

తలుపు తెరుచుకోగానే వాసన బయటికి కొట్టింది. మగవాళ్ళు ఇద్దరు వాంతి చేసుకుని బయటికి పోయారు. సైదాబీ, కృష్ణమ్మ, మస్తానయ్య ఒక్కొక్కదాన్నే పాతచీరలో చుట్టి మోశారు. కృష్ణమ్మ ప్రతిదాని పేరూ చెప్పింది, ఎవరూ అడక్కపోయినా. నల్లచెవులది, కుంటిది, బేస్తవారం నాడు పుట్టింది. ఆఖరిదాన్ని చుట్టబోతుంటే కృష్ణమ్మ సైదాబీ చెయ్యి పట్టుకుంది.

"ఇది చుక్కది. నా కంచం కాడికొచ్చి తినేది. దీని మొగం కడుగుదునా?"

ఆ రోజుకు సైదాబీ వంతుగా వచ్చిన నీళ్ళు అర చెంబు మిగిలి ఉన్నాయి. ఇచ్చేసింది. కృష్ణమ్మ దాని నొసటి మీద తెల్లచుక్క కనబడేదాకా బురద తుడిచింది. గుంతలో సున్నం పోసి, మట్టి కప్పి, ముళ్ళకంప వేసి తిరిగొచ్చేటప్పటికి పొద్దు వాలింది. సున్నం పడి సైదాబీ పాదాలు బొబ్బలెక్కాయి. కరుణాకరం భార్య కొబ్బరినూనె తెచ్చి ఇచ్చింది.

కృష్ణమ్మ ఆ పూట నాలుగు రోజుల తర్వాత అన్నం తిన్నది. కానీ ఆ గుమ్మంలో సైదాబీ అన్న మాట, పీనుగులకు తానం చేయిస్తాననేది, ఊళ్ళో పాకింది. ఆదివారం పొద్దున గోవిందమ్మ ఇంటి వంతు. సైదాబీ గమేళాతో వెళ్తే గోవిందమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"శవాలు కడిగే చేత్తో మా పొయ్యి ముట్టుకుంటావా తల్లీ? ముందే చెప్పొద్దా? ఇప్పటికే నాలుగిండ్లు తిరిగితివి."

వెనకున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చూపులు తిప్పుకున్నారు. నిన్నటిదాకా చేయి చేయి కలిపినవాళ్ళే. సైదాబీకి అది కొత్త నొప్పి కాదు. మార్కాపురంలోనూ కొందరు ఆమె వచ్చి వెళ్ళాక చాప దులుపుకుంటారు. పెళ్ళికూతురి గాజుల పళ్ళెం దగ్గరికి ఆమె వస్తే పళ్ళెం జరుపుతారు. తెలిసిన నొప్పయినా పాతబడలేదు. "నీ ఇష్టం వదినా" అని మాత్రం అని, వెనక్కి తిరిగింది.

కాసేపటికి ముబాషిరా ఫోను. "అమ్మా, కరుణాకరం అనే పెద్దాయన నౌషాద్ అన్నకి ఫోన్ చేసి అంతా చెప్పినాడంట. కాళ్ళు బొబ్బలంట. వాళ్ళు వద్దంటే ఇంకా ఎందుకు ఆడ? వచ్చేయ్."

"వద్దన్నది ఒక ఇల్లు. ఇంకా పద్దెనిమిదుండాయి."

"నీకేమైనా అయితే?"

"ఏమైనా అయితే ఫోన్ చేస్తార్లే. పెట్టేయ్, ఛార్జింగ్ లేదు."

ఫోను కొంగులో ముడేసుకుని ఆమె వీధి కాలువలోకి దిగింది. కాలువ ఎవరి ఇల్లూ కాదు, అడ్డం నిలబడేవాళ్ళు లేరు. అది పూడుకుపోయి ఉంటే ఏ ఇంట్లో కడిగిన నీళ్ళయినా మళ్ళీ గుమ్మంలోకే వస్తాయి. ఒంటరిగా పది గజాలు తీసింది. వీపు విరిగిపోతున్నా ఆపలేదు. కోపమో, మొండితనమో, ఆమెకే తెలియలేదు. పదకొండో గజం దగ్గర ఇంకో గమేళా కనబడింది. కృష్ణమ్మ. ఎదురు చివరనుంచి తీస్తూ వస్తోంది.

కాలువ కలిశాక కృష్ణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని సైదాబీ మణికట్టు పట్టి లాక్కుపోయింది, నేరుగా గోవిందమ్మ గుమ్మానికి.

"గోవిందమ్మా, నీ పొయ్యి నేను కడుగుతా, గోడలు ఈమె కడుగుతాది. నా చెయ్యీ పనికిరాదంటావా, నిన్న నేనూ మోసినా తొమ్మిదింటిని. ఇద్దరమూ వద్దంటే చెప్పు, పోతాం. బురదలో వండుకో."

గోవిందమ్మ లోపలికి తిరిగి చూసింది. లోపల ఆమె కోడలు ఒళ్ళో చంటిబిడ్డతో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది, దిగడానికి నేల లేక. గోవిందమ్మ పక్కకు జరిగింది. అంతే. పొయ్యి గది గుమ్మం దగ్గర మాత్రం సైదాబీ పని అయ్యేదాకా కాపలా నిలబడింది. సైదాబీ గోడలు కడిగి, అటువైపు చూడకుండా బయటికొచ్చింది. కొన్ని మనసులు ఆ ఒక్క పూటలో అంతవరకే కదులుతాయని ఆమెకు తెలుసు. బిడ్డ కింద పాకే నేల అయితే శుభ్రమైంది.

సోమవారం నౌషాద్ గమేళాలతో వచ్చాడు. ఈసారి ఫోటోలు దిగిన కుర్రవాళ్ళలో నలుగురు ఫోటోలు మాని పారలు పట్టారు. జేసీబీ మంగళవారం వచ్చి వీధి ఎత్తింది. బుధవారం సాయంత్రం బోరు మోటారు మోగినప్పుడు ఊరంతా కేరింతలు కొట్టింది. అప్పటికి ఇరవైమూడిళ్ళలోనూ నేల కనబడుతోంది. రెండింటికి గోడలు కూలాయి. వాటికి కడగడం చాలదు, కట్టాలి. సైదాబీ చేతకాని పని అది. ఆ మాట ఆ ఇళ్ళవాళ్ళకు తనే వెళ్ళి చెప్పింది. ఆటో ఎక్కేటప్పుడు పూలదండలూ లేవు, మైకూ లేదు. కరుణాకరం బస్సు కదలడానికి వేసే విజిల్ నోటితో వేశాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆమె పాత బతుకే. కుట్టుమిషను, మధ్యలో పిలుపు. కాకపోతే వీధిలో ఎవరో ఒకరు ఫోను చేసి అడిగేవాళ్ళు: వానకు ఇల్లు తడిసింది ఖాలా, ముందు ఏం చెయ్యాల? మసీదు గదిలో ఒక మూల ఆరు గమేళాలు, చీపుర్లు, సున్నం బస్తా ఉంచడానికి పెద్దలు ఒప్పుకున్నారు. ముబాషిరా ఒంగోలునుంచి రబ్బరు బూట్లు రెండు జతలు కొని పంపింది. రెండో జత ఎవరికని సైదాబీ అడిగితే, "నువ్వు ఒక్కదానివే పోవు కదా ఈసారి" అంది.

మరుసటి యేడు నవంబరులో పుల్లలచెరువు వైపు, అడివి అంచున, ఒక పల్లె చెరువుకట్ట తెగింది. నౌషాద్ ఆటో ఈసారి తిన్నగా పోలేదు. ముందు బేస్తవారిపేట వైపు పోయి, అడ్డరోడ్డు దగ్గర ఆగింది. గొంగడి కప్పుకుని కృష్ణమ్మ, ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. గోవిందమ్మ రాలేదు. ఆమె కోడలు వచ్చింది, బిడ్డను అత్త దగ్గర వదిలి. కృష్ణమ్మ రెండో జత రబ్బరు బూట్లు చూసి ఎగతాళి చేసింది. "గొర్రెలోళ్ళకి బూట్లా మ్మే?" అని, తొడుక్కుంది.

ఆ పల్లెకు చేరేటప్పటికి ఎండ ఎక్కింది. బురదలో కూరుకుపోయిన వీధి మొదట్లో, నెత్తిన తువ్వాలేసుకున్న ముసలాయన వాళ్ళను ఎగాదిగా చూశాడు. ఒక బురఖా కప్పుకున్నామె, ఒక గొంగడి కప్పుకున్నామె, చేతుల్లో తట్టలు.

"ఎవరమ్మా మీరు? ఏ సంస్థోళ్ళు?"

సైదాబీ ఏదో చెప్పబోయింది. కృష్ణమ్మ అప్పటికే చీర ఎగ్గట్టింది.

"సంస్థా లేదు గింస్థా లేదు తాతా. పసిబిడ్డలుండే ఇల్లు ఏదో చూపీ. ఆడనుంచి మొదలుపెడతాం."